ప్రాణమైతే ఇస్తాం, పిల్లనివ్వం

బెజవాడలో క్రైస్తవ ప్రేమను అడుగుల్లో కొలుస్తారు. ఎనిమిదికి ఆరు ఫ్లెక్సీ కట్టిస్తే మామూలు ప్రేమ. ఇరవైకి పది కట్టిస్తే త్యాగపూరితమైన ప్రేమ. మధ్యలో పాస్టరు అయ్యగారు, పక్కన అమ్మగారు, అడుగున దాతల తలకాయలు. ఇచ్చిన సొమ్మును బట్టి తలకాయ పెరుగుతుంది. పులిహోర పొట్లం అందుకునే ముసలమ్మకి ఫ్లెక్సీలో చోటుండదు గానీ ఫొటోలో తప్పకుండా ఉంటుంది. ఆ పొట్లాన్ని ఇచ్చే చేతులు ఆరు, పుచ్చుకునే చెయ్యి ఒకటి. ఆరు చేతులవాళ్లూ కెమెరా వైపే చూస్తుంటారు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఇదే బెజవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగాయి. ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. మేడల మీద చిక్కుకున్నవాళ్లకి డ్రోన్లు అన్నం పొట్లాలు దించాయి. పాపం, డ్రోనుకి మొహం లేదు, సెల్ఫీ తీసుకోదు. నడుంలోతు నీళ్లలో పాల ప్యాకెట్లు మోసిన కుర్రాళ్లూ ఉన్నారు, వాళ్లలో ఆదివారం గుడికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. వాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. కాబట్టి ఈ వ్యాసానికి వాళ్లు పనికిరారు, క్షమించాలి.

అదే వాన, అదే రోజు. ఎగువన ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిదిమంది ఇరుక్కుపోయారు. గంటలు గడిచినా ఎవరూ వాళ్లను చేరలేకపోయారు. చివరికి ఒక జేసీబీ డ్రైవరు బండిని వరదలోకి తోలాడు. పోతే నా ఒక్కడి ప్రాణం, తిరిగొస్తే తొమ్మిది ప్రాణాలు అని లెక్క వేసుకున్నాడట. తొమ్మిదిమందినీ తెచ్చాడు. అతను ముస్లిం.

ఆ మున్నేరు నీళ్లు కిందికొచ్చి కృష్ణలో కలిసి మన బ్యారేజీ గేట్లు దాటిపోయాయి. కథ మాత్రం మన ప్రసంగ వేదికల మెట్లెక్కలేదు. ఎక్కకపోవడానికి కారణం ఉంది లెండి. యెరికో దారిలో దొంగల చేత దెబ్బలు తిన్నవాణ్ణి గాడిద మీద వేసుకుపోయిన సమరయుడి కథ మనకి కంఠతా వచ్చు. పరాయి మతంవాడే అసలైన పొరుగువాడయ్యాడని చెప్పి ఆమేన్ అనిపించుకుంటాం. అలాంటివాడు పాలస్తీనాలో రెండు వేల ఏళ్ల కిందట ఉంటే ముద్దు. ఖమ్మంలో జేసీబీ మీద కనబడితే కొంచెం ఇబ్బంది. అతనికంటే ముందు ఆ దారిన వచ్చిన యాజకుడూ లేవీయుడూ ఆగకుండా ఎందుకు వెళ్లిపోయారో సువార్త చెప్పలేదు. నాకు తోచేదేమంటే, వాళ్లకి ఉజ్జీవ కూటానికి టైమైపోయి ఉంటుంది.

ఇక త్యాగం సంగతి. త్యాగం అంటే అయ్యగారికి మహా ఇష్టమైనది రెండు కాసుల విధవరాలి కథ. నాలుగిళ్లలో అంట్లు తోముకునే అమ్మ ఆ కథ విని కళ్లొత్తుకుంటుంది, దశమభాగం కవరు తీస్తుంది. మార్కు సువార్త పన్నెండో అధ్యాయంలో ఆ కథకి సరిగ్గా పైనే ఇంకో ముక్క ఉంది. పొడుగు అంగీలేసుకుని, సంతవీధుల్లో దండాలు పెట్టించుకుని, విధవరాండ్ర ఇళ్లు దిగమింగి, పైకి మాత్రం పొడుగాటి ప్రార్థనలు చేసే శాస్త్రుల్ని యేసు ఉతికి ఆరేస్తాడు. ఆ వెంటనే ఆ విధవరాలు వచ్చి ఉన్నదంతా కానుక పెట్టెలో వేసేస్తుంది. రెండూ కలిపి చదివితే ఎవరి మీద కేసు పెట్టాలో తెలిసిపోతుంది. అందుకే ఆ పైముక్క దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ కీబోర్డు మొదలవుతుంది, కానుకల సంచి బయల్దేరుతుంది.

అయినా డబ్బుదేముంది, ఇచ్చేవాళ్లు ఇస్తూనే ఉన్నారు. చెట్టంత ఫ్లెక్సీ కట్టించే మన సంఘ పెద్ద ప్రాణం ఇమ్మంటే కూడా ఒకవేళ ఇస్తాడేమో. పిల్లనిమ్మని అడగండి చూద్దాం. పెళ్లిసంబంధాల కాలంలో ఆయనే రాయించిన ప్రకటన చదవండి: రక్షణ పొందిన, ప్రార్థనాపరుడైన వరుడు కావలెను. ఆ పక్కనే కులం. మారుమనస్సు లేకపోతే సర్దుకుంటారు, కులం లేకపోతే సర్దుకోరు. లూథరన్ అంటే ఫలానా, బాప్టిస్టు అంటే ఫలానా, క్యాథలిక్కయితే ఏ ఊరు, ఇంటిపేరేమిటి అని డెల్టాలో ఎవరినడిగినా చెబుతారు. మిషనరీలు ఎక్కడ ఎవరి మధ్య పనిచేశారో ఆ గీతలన్నిటినీ చెరిగిపోకుండా కాపాడుకొచ్చాం. ఒకే ఊళ్లో మాలపల్లి గుడికి ఒక గంట, మాదిగపల్లి గుడికి ఇంకో గంట. ఇద్దరు క్రీస్తులు ఉన్నారా అని దారినపోయేవాడికి అనుమానం వస్తే తప్పు వాడిది కాదు. 2022లో పోప్ ఫ్రాన్సిస్ మన పూల ఆంథోనీ గారిని కార్డినల్ చేశాడు. దళితుల్లోంచి మొట్టమొదటి కార్డినల్. పండగ చేసుకున్నాం, చేసుకోవలసిందే. వియ్యం మాత్రం రోము వాళ్లు అందుకుంటారులే అని ఊరుకున్నాం. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన తర్వాత శవాలను గుట్టలుగా వేసి దహనం చేసినప్పుడు ఎవరూ ఎవరి కులమూ అడగలేదు. మన సమానత్వానికి సముద్రం ఊరి మీదికి రావాలి, అది కూడా పోయినవాళ్లకే దక్కుతుంది.

క్రైస్తవుల్లో కులం లేదన్న మన మాటని ఈ దేశంలో నమ్మింది ఒక్క ఢిల్లీ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్న దళితుడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడు. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో తలుపు తీశారు. మనవాడు బడిలో సర్టిఫికెట్ మీద ఒక పేరుతో, బల్లారాధనలో ఇంకో పేరుతో బతుకుతున్నాడు. వాడిది రెండు పడవల ప్రయాణం అని వెక్కిరించేవాళ్లలో మొదటి వరుస మనదే. మతం మారినా కులం వెంటాడుతుందా అని తేల్చడానికి 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. అంత పెద్దమనుషులు దేశమంతా తిరగడం ఎందుకు? ఏదో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా కమిటీ పెద్దగారింటికి కాఫీకి రమ్మనండి. వాళ్ల అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు.