మా ఊరి డాట్రుబాబు

వంశధార ఒడ్డున మా శ్రీముఖలింగంలో అతన్ని అందరూ డాట్రుబాబనే పిలుస్తారు. ఇంకా డాక్టరు కాలేదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఎప్పట్నించని మాత్రం అడక్కండి. థీసిస్ ఎప్పుడిస్తావురా అంటే "శివరాత్రి వెళ్ళనీ మావా" అంటాడు. ఏ శివరాత్రో చెప్పడు. మా ఊరి మధుకేశ్వరస్వామికి అది ఏటా వస్తూనే ఉంది, చక్రతీర్థ స్నానాలూ జరిగిపోతూనే ఉన్నాయి.

ఊళ్ళోకి వస్తే ముందు గుడికే వెళ్తాడు. పూజారిగారు తీర్థం పోస్తుంటే చెయ్యి పట్టి, కళ్ళు మాత్రం ఉద్ధరిణె మీద పెడతాడు. "ఒక్కొక్కరికీ ఒక్కో కొలత పడుతోందండీ" అని నసుగుతాడు. పగలంతా పిపెట్టు నొక్కే బొటనవేలు మరి! మిల్లీలీటరులో వెయ్యోవంతు తేడా వచ్చినా ప్రయోగం మొదటికొస్తుంది. సెంట్రిఫ్యూజులో ఎదురెదురు గొట్టాల బరువు సరిపోకపోతే యంత్రం అదిరిపోతుంది కాబట్టి, జలుమూరు వెళ్ళే ఆటోలోనూ బస్తాని ఇటు, లావుపాటి మావయ్యని అటు సర్దించందే ఎక్కడు.

అసలు ఇబ్బంది డాట్రుబాబు అనే ఆ పేరుతోనే వచ్చింది. ఉద్దానం కిడ్నీ జబ్బు మా జిల్లాలో చదువురాని వాళ్ళకి కూడా "క్రియాటిన్" అనడం నేర్పింది. కవిటి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన పెద్దమ్మొకావిడ రిపోర్టు తీసి అతని చేతిలో పెట్టింది.

"సూడు నాయినా, ఆరుందట."

డాట్రుబాబు మొహం వెలిగిపోయింది. క్షారంలో పిక్రిక్ ఆమ్లంతో క్రియాటినిన్ కలిస్తే నారింజరంగు తిరుగుతుందని 1886లో జాఫె అనే ఆయన చూశాడనీ, ఆ రంగు చిక్కదనాన్ని బట్టే అంకె వేస్తారనీ కాఫీ చల్లారేదాకా చెప్పాడు. పెద్దమ్మ ఓపిగ్గా అంతా విని, "రంగు సంగతి సరే గానీ బాబూ, మందేటి?" అంది.

నోట మాట రాలేదు పాపం. మర్నాడు తనే ఆవిణ్ణి వెంటబెట్టుకుని శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో వరసలో నిలబడి చూపించుకొచ్చాడు. (అక్కడా టెక్నీషియన్ని పట్టుకుని ఏ పద్ధతిలో చేశారని అడిగాట్ట. అది వేరే సంగతి.)

థీసిస్ ఆలస్యానికి అతని దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉండేది: బయోకెమిస్టు యల్లాప్రగడ సుబ్బారావుగారు. భీమవరంలో పుట్టి, మెట్రిక్ మూడోసారికి గట్టెక్కిన మనిషి 1925లో ఫిస్కే అనే ఆయనతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి చెప్పాడనీ, అంతటివాడికీ హార్వర్డు పర్మినెంటు ఉద్యోగం ఇవ్వలేదనీ ఏకరువు పెట్టేవాడు. అన్నీ నిజాలే. కానీ ఆయన 1923లో అమెరికా వెళ్ళి 1930కల్లా పీహెచ్‌డీ పుచ్చుకున్నారని డాట్రుబాబు వాళ్ళ నాన్న ఎక్కడో చదివాడు. ఆ రోజు నుంచి ఇంట్లో సుబ్బారావుగారి పేరు ఎత్తడం లేదు.

మొన్న నరసన్నపేట వైపు సంబంధం చూడ్డానికి వెళ్ళారు.

"అబ్బాయికి ఏపాటొస్తాదండీ?" అన్నాడు పిల్ల తండ్రి.

"జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్పు నెలకి 37,000 అండీ. రెండేళ్ళయ్యాక 42,000."

"మరింకేం! ఇప్పుడూ అంతేనా?"

"అయిదేళ్ళకి ఆగిపోతుందండీ."

"ఆగిపోయి ఎన్నాళ్ళయింది?"

డాట్రుబాబు జీడిపప్పు పళ్ళెంకేసి చూస్తూ కూర్చున్నాడు. అంతదాకా తలొంచుకున్న పెళ్ళికూతురు మెల్లిగా అడిగింది: "మీ గైడుగారు రిటైరయ్యేది ఎప్పుడండీ?"

ఆ పిల్ల ఎచ్చెర్ల యూనివర్సిటీలో రీసెర్చి స్కాలరు. ఇద్దరూ గంటసేపు కెమికల్స్ ఎప్పుడొస్తాయో, డీప్‌ఫ్రీజర్ ఎన్నిసార్లు పాడైందో మాట్లాడుకున్నారు. సంబంధం ఖాయం. ముహూర్తం మాత్రం ఇద్దరూ థీసిస్‌లు ఇచ్చాకే పెట్టుకుంటామన్నారు. పంచాంగం విప్పిన పంతులుగారు దాన్ని మడిచి సంచిలో పెట్టేసుకున్నారు.