వరండాలో గోడపత్రికను

నేను గోడపత్రికను. అనంతపురం జిల్లాలో ఒక ఊరి ప్రాథమిక పాఠశాల వరండాలో, మూడో తరగతి గది తలుపు పక్కన ఉంటాను. గోడమీద నల్లరంగుతో గీసిన చట్రం, పాత క్యాలెండర్ల వెనక తెల్లకాగితాలు, అంటించడానికి మైదా జిగురు. నా ఆస్తి ఇంతే. పిల్లల కళ్ల ఎత్తులో ఉంటాను కాబట్టి పెద్దవాళ్లు నన్ను చూడాలంటే కాస్త వంగాలి.

నా మీద ఏది రాసినా దాని పక్కన ఒక గుర్తు ఉండాలి. తానే చూసి రాస్తే కన్ను బొమ్మ, ఎవరో చెప్పగా రాస్తే చెవి బొమ్మ, తనకు తోచింది రాస్తే ప్రశ్నార్థకం. మేడం పెట్టిన నియమం ఇదొక్కటే. అక్షరదోషాల జోలికి ఆవిడ మొదట పోరు. "ఇది నీకెట్లా తెలుసు?" అని మాత్రం అడుగుతారు. ఎనిమిదేళ్ల పిల్లలకు ఆ ప్రశ్న ఎంత పెద్దదో నా ముందు నిలబడి పెన్సిల్ కొరుక్కునేవాళ్లను చూస్తే తెలుస్తుంది. పాఠం ఒప్పజెప్పడం వేరు, తాను చెప్పేది కన్నుదా చెవిదా అని తేల్చుకోవడం వేరు. ఈ రెండోది అలవాటైన పిల్లను పెద్దయ్యాక ఎవరూ సులువుగా మోసం చేయలేరని నా నమ్మకం.

నా వంశం పాతదే. 1924లో దక్షిణ ఫ్రాన్సులోని బార్-సుర్-లూ అనే ఊళ్లో సెలెస్తాఁ ఫ్రెనే అనే బడిపంతులు తరగతి గదిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి వచ్చిన మనిషి ఆయన. పిల్లలు తాము చూసింది, చేసింది రాసి, అక్షరాలు పేర్చి తామే అచ్చేసుకున్నారు. దూరాన బ్రిటనీ ప్రాంతంలోని మరో బడి పిల్లలతో ఆ కాగితాలు ఇచ్చిపుచ్చుకున్నారు. నాకు అచ్చు లేదు, ఉన్నవి స్కెచ్ పెన్నులే. పని మాత్రం అదే.

ఒకసారి చెనక్కాయ పూతకొచ్చిన రోజుల్లో ఒక పాప రాసింది: "పువ్వు పైన పూస్తుంది. కాయ నేలలో ఉంటుంది. ఎట్లా పోయింది?" పువ్వు రాలి మట్టిలో పడి కాయవుతుందని ఒకడు రాశాడు. కాదు, వేరుకే కాస్తుందని ఇంకొకడు. అన్నిటికీ ప్రశ్నార్థకాలే. మేడం జవాబు చెప్పలేదు. ఇంట్లో అడిగి రమ్మన్నారు.

మరునాడు నా ఒంటినిండా చెవి బొమ్మలు. ఆ పాప వాళ్లమ్మ వేలిముద్ర వేసే మనిషి, బడి గేటు దాటాలంటేనే బెరుకు. ఆమె మాట బిడ్డ చేతిరాతలో నా మీదకొచ్చింది: "పూత అయినాంక దాని మొదట్లోనించి ఊడ దిగుతాది. అది మన్నులోకి పోతేనే కాయ. నేల గట్టిగుంటే దిగదు. అందుకే ముందే కలుపు తీసి మన్ను గుల్ల చేసుకోవల్ల." ఇంకో పిల్లాడి నాయన జిప్సం సంగతి చెప్పి పంపాడు. పూత సమయంలో ఎకరాకు 200 కిలోలు మొక్కల మొదళ్ల దగ్గర వేస్తారట, కాయ బాగా ఊరేదానికి. దాని కింద మేడం ఒక్క వాక్యం చేర్చారు: జిప్సంలో కాల్షియం ఉంటుంది, పెరిగే కాయ దాన్ని చుట్టూ ఉన్న మట్టినుంచి నేరుగా తీసుకుంటుంది.

విని ఊరుకోలేదు పిల్లలు. బడి వెనక కుండీల్లో ఉన్న చెనక్కాయ మొక్కలకు ఊడలు రాగానే కొన్నిటికి ఎర్రదారం కట్టి, మట్టి తగలకుండా పుల్లలకు ఆనించి పైకి నిలిపారు. మిగతావాటిని వాటి దారిన వదిలేశారు. రోజుకొకరు చూసి నా మీద రాయాలి. "ఈరోజు ఏమీ కాలేదు" అన్న వాక్యమే ఎక్కువసార్లు వచ్చింది. నాకు ఆ వాక్యమంటే ప్రాణం. ఏమీ జరగలేదని రాయాలన్నా ముందు వెళ్లి చూడాలి కదా.

మొక్కలు పీకిన రోజున మట్టిలోకి దిగిన ఊడలకు కాయలున్నాయి. దారం కట్టినవి ఎండిపోయాయి. పాప వచ్చి, అమ్మ మాట పక్కనున్న చెవి బొమ్మను చెరపకుండా, దాన్నానుకుని కన్ను బొమ్మ గీసింది.

సాయంత్రం ఆ తల్లి వచ్చింది. కూతురు వేలు పెట్టి చదివి వినిపించింది.

"నేను చెప్పిందేనా మే ఇది?"

"అవునుమా. నీ పేరు గూడా రాసినా, చూడు."

ఆమె చాలాసేపు అక్కడే నిలబడి, ఊడ దిగేటప్పుడు వాన పడకపోతే ఏమవుతుందో చుట్టూ చేరిన పిల్లలకు చెప్పింది. చదువురాని తల్లిదండ్రులు పిల్లల చదువులో ఏం పాలుపంచుకుంటారని అనేవాళ్ల మాటలు నా చెవిన చాలా పడ్డాయి. వాళ్లందరినీ ఆ సాయంత్రం ఈ వరండాలో నిలబెట్టాలనిపించింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది, మొత్తం సభ్యుల్లో సగంమంది మహిళలు కావాలంది. మా కమిటీ తల్లులు వచ్చి రిజిస్టరులో వేలిముద్ర వేసి వెళ్లేవాళ్లు. ఇప్పుడు సమావేశం నా ముందే జరుగుతుంది, పిల్లలు రాసినవి చదివించుకున్నాకే మొదలవుతుంది.

వానలు లేని ఏడు సగం ఇళ్లకు తాళాలు పడతాయి. తల్లిదండ్రులు బెంగళూరు పనులకు పోతే పిల్లలు అవ్వాతాతల దగ్గర మిగులుతారు. అప్పుడు మేడం నన్ను ఫోన్లో ఫోటో తీసి పంపుతారు. "ఆరిన స్లాబుకు మళ్లీ నీళ్లెందుకు కొడతారు?" అని ఒక పిల్లాడు రాస్తే, అక్కడ కట్టడం పనిలో ఉన్న వాళ్ల నాయన రాత్రి గొంతు రికార్డు చేసి పంపాడు: "సిమెంటు గట్టిపడేది ఎండకు కాదు నాయనా, నీళ్లకు. తడి ఆరిపోతే స్లాబు బీటలిస్తాది." మేడం ఫోను వరండాలో పెట్టి వినిపించారు. పిల్లాడు మళ్లీ పెట్టమని అడిగాడు, మళ్లీ పెట్టారు. ఆ తర్వాతే రాసుకుని చెవి బొమ్మ గీశాడు.

ఈ వారం నా మీద ఉన్న ప్రశ్న ఇది: ఒకే వాన పడింది, మా చేను ఎండింది, పక్క చేను పచ్చగా ఉంది, ఎందుకు? మన్ను లోతు తక్కువని ఒక చెవి బొమ్మ, విత్తనం తేడా అని ఇంకొకటి, అది కాదు, వాళ్లు ముందు వానకే విత్తినారని ఒక అవ్వ మాట. ఆదివారం రెండు చేలల్లోనూ మూరెడు లోతు తవ్వి చూడాలని పిల్లలు తీర్మానించారు. గడ్డపారలు తామే తెస్తామని ఇద్దరు నాయనలు చెప్పి పంపారు.