టంకీ నిండితేనే వచ్చే రోగం

నా కాలం బండ్లకు జబ్బు చేస్తే మీటర్ మీద దీపం వెలగదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లకు ఆ సుఖం ఉంది. సెన్సర్ కనిపెడుతుంది, దీపం వెలుగుతుంది, మెకానిక్ స్కానర్ తగిలించి కోడ్ చదువుకుంటాడు. నాది కార్బొరేటర్ ఒళ్లు. మిస్సింగ్ కొట్టడం, పొగ వదలడం, చప్పుడు చేయడం, చివరికి నడిరోడ్డు మీద ఆగిపోవడం తప్ప చెప్పుకునే దారి నాకు లేదు.

నేను హీరో హోండా కరిజ్మాని. 2003లో మా మోడల్ బజారులోకి వచ్చింది. మరుసటి ఏడు నేను హర్యానాలో తయారై హైదరాబాద్ చేరాను. 223 సీసీ, ఒక్కటే సిలిండర్, గాలికి చల్లబడే ఇంజన్, సుమారు పదిహేడు గుర్రాల బలం. వీధి నిండా 100 సీసీ బండ్లు తిరిగే రోజుల్లో, ముందు సగం ముసుగేసుకుని నేను వస్తుంటే పిల్లలు ఆగి చూసేవాళ్లు. 2023లో నా పేరే పెట్టి ఇంకో బండిని దింపారు. 210 సీసీ అట, నీళ్లతో చల్లబడుతుందట. పేరు తప్ప మాకు ఏ చుట్టరికమూ లేదు.

చేతులు మారి మారి జహనుమాకి వచ్చాను. ఇప్పటి యజమాని ఇక్కడి తెలుగు పిల్లవాడు. ఉద్యోగానికి ఫలక్‌నుమా స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కుతాడు కాబట్టి నాతో పని తక్కువ. స్టేషన్ దాకా, శంషేర్‌గంజ్ దాకా, బోనాలప్పుడు లాల్‌దర్వాజా దాకా. వంద రూపాయల పెట్రోల్, అది అయిపోతే మళ్లీ వంద. ఈ వంద రూపాయల అలవాటును గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

2020 అక్టోబరు 13 రాత్రి మా గల్లీలోకి నీళ్లొచ్చాయి. పల్లె చెరువు తెగి, అల్ జుబైల్ కాలనీ మునిగి మనుషులే కొట్టుకుపోయిన రాత్రి అది. బండి గోడు ఎవరికి పడుతుంది? హ్యాండిల్ దాకా బురదనీళ్లలోనే నిలబడ్డాను. నీళ్లు తీశాక పిల్లవాడు చేసిన మంచిపని ఒక్కటే, సెల్ఫ్ నొక్కకపోవడం. సిలిండర్‌లో నీళ్లుండగా ఇంజన్ తిప్పితే పిస్టన్ వాటిని నొక్కలేదు. నీరు కుదించుకుపోయే వస్తువు కాదు. కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ వారం ఎన్ని బండ్లు అలా పాడయ్యాయో మెకానిక్ చాచా దుకాణం ముందు వరసలో నిలబడి నేనే చూశాను.

చాచా దుకాణం ఇంజన్ బౌలికి పోయే దారిలో ఉంది. ప్లగ్ విప్పి, ఇంజన్ తిప్పి నీళ్లు చిమ్మించాడు. డ్రెయిన్ బోల్ట్ తీస్తే ఆయిల్ పాలెక్కువైన చాయ్‌లా వచ్చింది. కొత్త ఆయిల్ పోసి కాసేపు నడిపించి అదీ తీసేసి మళ్లీ పోశాడు. కార్బొరేటర్ విప్పారు, టంకీ కడిగారు. మూతను మాత్రం గుడ్డతో తుడిచి బిగించారు. ఎవరు తుడిచారో నేను చెప్పను.

మూత లోపల సన్నటి దారి ఒకటి ఉంటుంది. గాలి లోపలికి పోవడానికి. అందులో బురద ఎండిపోయింది.

ఆ తర్వాత ఊళ్లో హాయిగానే తిరిగాను. కరోనా భయం పోయి, కుర్రాళ్లంతా శ్రీశైలం రోడ్డు పట్టాక బయటపడింది అసలు సంగతి. చాంద్రాయణగుట్టలో మా పిల్లవాడు టంకీ ఫుల్ చేయించాడు. పహాడీ షరీఫ్ దాటాం, తుక్కుగూడ దాటాం, స్పీడు ఎనభైకి పోయింది. కాసేపటికి పికప్ తగ్గింది, ముక్కాను, మూలిగాను, ఆగిపోయాను. కుర్రాడు దిగి మూత తీసి పెట్రోల్ చూశాడు. నిండుగా ఉంది. చింతచెట్టు కింద కూర్చున్నాడు. మళ్లీ నొక్కితే ఒక్క పట్టున స్టార్టయ్యాను. కొంత దూరం పోయాక మళ్లీ అదే తంతు.

అప్పుడు చాచా కంట్లో శుక్లాలు తీయించుకుని ఇంటి పట్టున ఉన్నాడు. దాంతో నన్ను వేరే చోటికి తీసుకెళ్లారు. అక్కడ చెప్పింది ఎవరైనా నమ్మే మాటే: ‘వేడెక్కితే ఆగుతోంది, చల్లారితే స్టార్టవుతోంది. కాయిల్ పోయింది.’ ఇగ్నిషన్ కాయిల్ లోపలి తీగ పాతబడితే నిజంగానే అలా చేస్తుంది. వేడికి కరెంట్ తెగుతుంది, చల్లబడితే కలుస్తుంది. పుత్లీబౌలి నుంచి కాయిల్ తెచ్చి మార్చారు. ఆగాను. కాయిల్‌కు కరెంట్ పంపే సీడీఐ మార్చారు. ఆగాను. కార్బొరేటర్ విప్పి, లోపలి స్లైడ్‌ను పైకి లేపే రబ్బరు డయాఫ్రమ్‌ను వెలుతురుకు పట్టి చూశారు. ఎక్కడా చిల్లు లేదు. ఉన్నా లేకున్నా మార్చారు. హాఫ్ ఇంజన్ చేయాలన్నారు. నా పిస్టన్ రింగుల మీద ఎవరి కన్నూ పడకూడదని అప్పుడే మొక్కుకున్నాను.

ప్లగ్ కూడా చూశారు, కాదనను. కానీ దుకాణందాకా నడిపించుకొచ్చి, పది నిమిషాలు ఐడ్లింగ్‌లో పెట్టి, అప్పుడు విప్పారు. ఐడ్లింగ్‌లో నాకు ఏ జబ్బూ లేదు. ప్లగ్ అదే చెప్పింది.

చాచా తిరిగొచ్చాడు. నన్ను ముట్టుకోలేదు. స్టూల్ మీద కూర్చుని కుర్రాణ్ని అడిగాడు.

‘‘ఎక్కడ ఆగింది బేటా?’’

‘‘తుక్కుగూడ దాటినంక, చాచా.’’

‘‘టంకీల ఎంతుండె?’’

‘‘ఫుల్లు. గప్పుడే కొట్టిచ్చిన.’’

‘‘ఊళ్ల తిరిగేటప్పుడు?’’

‘‘ఊళ్ల ఎప్పుడు ఫుల్లుంటది చాచా? వంద రూపాయలది పోస్త.’’

‘‘ఆగినంక ఏం చేసినవ్?’’

‘‘పెట్రోల్ ఉందా లేదా అని మూత తీసి చూసిన.’’

‘‘హర్ బార్?’’

‘‘హౌ చాచా. ఆగినప్పుడల్లా తీసిన.’’

చాచా నవ్వలేదు. అద్దాలు తుడుచుకున్నాడు. ఇన్ని చేతుల్లో నలిగాక, ఏం మార్చారని కాకుండా ఎప్పుడు ఆగిందని అడిగిన మొదటి మనిషి అతనే. చల్లారడం ఒక్కటే జరిగిందని అంతా అనుకున్నారు. నిజానికి ప్రతిసారీ రెండు జరిగాయి. నేను చల్లారాను, నా మూతా తెరుచుకుంది.

పెట్రోల్ నింపి, వెనక సీటు మీద చాచా ఎక్కి, ప్లగ్ పానా జేబులో వేసుకుని అదే రోడ్డు పట్టాం. నేను ముక్కడం మొదలుపెట్టగానే ‘‘చోక్ లాగు’’ అన్నాడు. లాగాడు. రెండు క్షణాలు ఊపందుకున్నాను. కరెంట్ తెగితే చోక్‌తో లేవను. పెట్రోల్ చాలనప్పుడే, చోక్ గాలిని తగ్గించి పెట్రోల్ పాలు పెంచితే లేస్తాను. మళ్లీ పడిపోతుండగా క్లచ్ పట్టించి, వెంటనే ఇంజన్ ఆపించి, అక్కడికక్కడే ప్లగ్ విప్పాడు. గుడ్డ మడతలోంచి కాలుతున్నా వదల్లేదు. పొడిగా ఉంది. కరెంట్ లేక ఆగి ఉంటే పెట్రోల్‌తో తడిసి ఉండాలి.

‘‘సూఖా హై. మూత ముట్టకు.’’

కార్బొరేటర్ దగ్గర పైపు లాగాడు. నిండు టంకీ కింద పైపు నాలుగు చుక్కలు కార్చి ఊరుకుంది. అప్పుడు కుర్రాణ్ని మూత తీయమన్నాడు. సుయ్‌మని గాలి లోపలికి పోయింది, పైపులోంచి పెట్రోల్ దూకి చాచా చొక్కా చేయంతా తడిపింది. ఇన్నిసార్లూ ఆ ‘సుయ్’ వినబడే ఉంటుంది. లారీల మోతలో, హెల్మెట్ లోపల ఎవరి చెవిన పడుతుంది?

నాకు ఫ్యూయల్ పంపు లేదు. టంకీకి కార్బొరేటర్ జానెడు దిగువన ఉంటుంది. ఆ జానెడు ఎత్తు బరువుతోనే పెట్రోల్ దిగాలి. దిగినంత చోటులోకి గాలి రాకపోతే లోపల ఒత్తిడి పడిపోతుంది. రెండు శాతం పడితే చాలు, ఆ లోటే పెట్రోల్‌ను పట్టి ఆపేస్తుంది. నా టంకీ 15 లీటర్లది. మెడదాకా నింపితే పైన గాలి చోటు లీటరుకు మించదు. ఇరవై మిల్లీలీటర్లు కాలేసరికి ఆ రెండు శాతం వచ్చేస్తుంది. అదే మూడు లీటర్లే ఉంటే పైన పన్నెండు లీటర్ల గాలి. దాదాపు పావు లీటరు కాలితే గానీ అంత లోటు రాదు. దానికి తోడు నా బురద దారిని పూర్తిగా మూయలేదు, సన్నగా గాలి వదిలేది. నలభై మీద పోతున్నంతసేపూ ఆ గాలి సరిపోయేది. ఎనభై మీద తాగుడు పెరిగి చాలేది కాదు. వంద రూపాయల పెట్రోల్, గల్లీ స్పీడు కలిసి ఇన్నేళ్లు నా జబ్బును దాచిపెట్టాయి.

క్లచ్ వైరులోంచి ఒక పోగు తీసి చాచా ఆ దారిని పొడిచాడు. మట్టి రాలింది. నోటితో ఊది చూసుకున్నాడు. పైపు కూడా కొత్తది వేశాడు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌ను మనసులో పెట్టుకుని 2004లో నా రబ్బర్లను ఎవరూ చేయలేదు మరి.

‘‘ఎంతియ్యాలె చాచా?’’

‘‘పైపు పైసలియ్యి.’’

కుర్రాడు కవర్లోంచి పాత కాయిల్, పాత సీడీఐ తీసి వీటినేం చేయాలన్నాడు. రెండూ బాగానే ఉన్నాయని, దాచుకోమని చెప్పాడు చాచా. తర్వాత నా హెడ్ దగ్గర చెవి పెట్టాడు. టిక్‌టిక్ వినిపించడం లేదట. కుర్రాడు మంచిదేగా అన్నాడు.

‘‘నై. ట్యాపెట్ టైట్ అయితది, ఆవాజ్ ఉండది. వాల్వ్ కాలిపోతది. రేపు పొద్దుగాల తీస్కరా. ఇంజన్ చల్లగ ఉండాలె, స్టార్ట్ చెయ్యకు.’’

‘‘మరెట్ల తేవాలె?’’

‘‘తోస్కుంట రా.’’

మా గల్లీ నుంచి దుకాణానికి దారి ఎత్తు. నా బరువు నూట యాభై కిలోలు. కుర్రాడు ఇప్పటి నుంచే స్నేహితుడికి ఫోన్ చేస్తున్నాడు.