అరువు బూటు ఆత్మకథ

అంటార్కిటికా చూడ్డానికి వచ్చినవాళ్ళు పెంగ్విన్ ముఖం చూస్తారు. నేను దాని పాదాలు చూస్తాను. జెంటూ పెంగ్విన్ పాదాలు నారింజ రంగులో ఉంటాయి. వేళ్ళ మధ్య దళసరి పొర, చివర గట్టి గోళ్ళు. వెనక పొడవాటి తోక ఈకలు నేలను రాసుకుంటూ వస్తాయి. గూటికి వెళ్ళేటప్పుడు ఆ పాదాలు తడబడవు. ఏ రాయి కదులుతుందో, ఎక్కడ మంచు జారుతుందో వాటికి తెలుసు. ఆ నేల వాటిది.

నేను మోకాలి కింద దాకా వచ్చే రబ్బరు బూటుని, కుడికాలిదాన్ని. అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషువాయా రేవు నుంచి బయలుదేరే ఒక యాత్రా ఓడలో నా కాపురం. కింది అంతస్తులో బూట్లు, కోట్లు మార్చుకునే గది ఉంది. దాన్ని అందరూ మడ్‌రూమ్ అంటారు. ప్రయాణికులకి ఇచ్చే కోటు వాళ్ళతో ఇంటికి వెళ్ళిపోతుంది. బూట్లు మాత్రం అరువు. యాత్ర అయ్యాక కడిగి అరలో పెట్టాల్సిందే. అందుకే నాకు యజమాని అంటూ ఎవరూ లేరు. నవంబరు నుంచి మార్చి దాకా, ఓడ బయలుదేరిన ప్రతిసారీ ఒక కొత్త కాలు. రైతుల కాళ్ళు మోశాను, డాక్టర్ల కాళ్ళు మోశాను, పెళ్ళయిన వారానికే వచ్చిన ఒక పిల్ల కాలు మోశాను. మొదటిసారి మంచు మీద మోపినప్పుడు అందరి వేళ్ళూ లోపల ఒక్కలాగే ముడుచుకుంటాయి.

బీగిల్ ఛానెల్ దాటగానే డ్రేక్ జలసంధి. దక్షిణ అమెరికా కొసకీ అంటార్కిటికా దీవులకీ మధ్య దాదాపు 800 కిలోమీటర్ల నీళ్ళు. భూగోళం చుట్టూ ఏ నేలా అడ్డు తగలకుండా తిరిగే గాలీ అలలూ ఇక్కడికొచ్చి ఇరుకులో పడతాయి. సుమారు రెండు రోజుల దారి. కొందరు గదిలోంచి బయటికి రారు, కొందరు పైకెక్కి ఆల్బట్రాస్ పక్షుల్ని చూస్తూ నిలబడతారు. నేను అరలో ఊగుతూ ఉంటాను. ఆ రెండు రోజుల్లో నాకు ముఖ్యమైనది ఒకే ఒక్క మధ్యాహ్నం. ఆ పూట ప్రయాణికులంతా తమ కోట్లు, సంచులు, చేతికర్రలు, కెమెరా స్టాండ్లు, టోపీలు పట్టుకుని హాల్లోకి రావాలి. అక్కడ వాక్యూమ్ క్లీనర్లు, పట్టకార్లు, చిన్న బ్రష్‌లు పెట్టి ఉంటాయి. జేబుల మూలలు, కుట్ల సందులు, వెల్క్రో పట్టీలు అన్నీ దులపాలి. గడ్డి గింజ, మట్టి రేణువు, ఈక ముక్క ఏదీ మిగలకూడదు.

చాలామందికి ఈ పని విసుగు. ఇంత దూరం వచ్చింది వెల్క్రో శుభ్రం చేయడానికా అని ముఖాలు మాడ్చుకుంటారు. ఒక యాత్రలో మాత్రం ఒకావిడ అందరికంటే ముందు వచ్చి కూర్చుంది. రాజమండ్రిలో కాలేజీ పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. అమెరికాలో ఉంటున్న కూతురు తీసుకొచ్చింది. ఆవిడ కాలికి నన్నిచ్చారు. బూట్లు సరిపోయాయో లేదో చూసుకోవడానికి వేసుకుని అలాగే హాల్లోకి వచ్చేసింది కాబట్టి, ఆ మాటలు నేను దగ్గర్నుంచి విన్నాను.

"చిన్నప్పుడు పొలం గట్ల మీద నడిచొస్తే పావడా అంచంతా ఉత్తరేణి గింజలే. మా అమ్మ అరుగు మీద కూర్చోబెట్టి ఒక్కొక్కటే లాగేది" అంటూ ఆవిడ కూతురి సంచి పట్టీని దీపం వెలుగులోకి పట్టుకుంది. పట్టకారుతో ఒక గడ్డి గింజని బయటికి తీసింది. చివర సన్నటి ముల్లు ఉంది.

"ఏమే, ఇదెక్కడిది?"

"పోయిన వారం చిలీలో కొండలెక్కాం కదమ్మా. అక్కడిదే అయ్యుంటుంది. ఇంతకే ఏమవుతుందిలే, అంత చలిలో అది మొలుస్తుందా?"

"అంత మాట అనకు తల్లీ. మొలుస్తుంది. మొలిచింది కూడా."

ఆవిడ చెప్పింది నిజం. పూలు పూసే మొక్కలు అంటార్కిటికాకి సొంతంగా రెండే రెండు. ఒకటి గడ్డి జాతి, రెండోది చిన్న దిండులా గుబురుగా పెరిగే పెర్ల్‌వర్ట్. మిగతాదంతా నాచు, లైకెన్‌లు. అలాంటి చోట, కింగ్ జార్జ్ దీవిలో పోలెండ్ వాళ్ళ ఆర్క్‌టోవ్‌స్కి కేంద్రం దగ్గర, 1980లలో పోవా ఆన్యువా అనే మామూలు గడ్డి మొలిచింది. ఊళ్ళలో దారి పక్కన పెరిగే రకం. మనుషుల సామానుతో వచ్చింది. ఒకసారి పాతుకున్నాక దాన్ని పీకడానికి శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి మోకాళ్ళ మీద కూర్చుని పని చేయాల్సి వచ్చింది. 2007–08 వేసవిలో అక్కడికి వెళ్ళేవాళ్ళ బట్టలు, సంచులు, బూట్లు వాక్యూమ్ చేసి పరిశోధకులు గింజలు లెక్కపెట్టారు. ఆ లెక్క 2012లో అచ్చయింది. గింజలు మోసుకొచ్చినవాళ్ళలో తలకి సగటున తొమ్మిదికి పైనే తేలాయి. విడివిడిగా చూస్తే పర్యాటకుల కంటే శాస్త్రవేత్తల దగ్గరే ఎక్కువ. కానీ సంఖ్యలో పర్యాటకులే ఎక్కువ. వేడెక్కుతున్న అంటార్కిటికా ద్వీపకల్పంలో ఇప్పుడు మంచు కరిగి కొత్త నేల బయటపడుతోంది. ఆ నేల మీద ముందు ఎవరు దిగుతారన్నది నా అడుగు గాళ్ళ మీద కూడా ఆధారపడి ఉంది.

ఆవిడ ఆ గింజని కాగితంలో మడిచి గైడు చేతికిచ్చింది. తర్వాత నన్ను కాలి నుంచి తీసి, తిరగేసి, అడుగున ఉన్న గాళ్ళన్నీ వేలితో తడిమింది. నా అడుగుని అంత శ్రద్ధగా చూసినవాళ్ళు నాకింకెవరూ గుర్తులేరు.

నేలకి దిగే రోజు మా గదిలో హడావుడి. ఒక్కసారి వందమందికి మించి ఒడ్డున ఉండకూడదు, ఇరవైమందికి ఒక గైడు ఉండాలి. అయిదు వందలమందికి పైగా ప్రయాణికుల్ని మోసే ఓడలు అసలు మనుషుల్ని దించకూడదు. యాత్రా సంస్థలు 1991లో తామే సంఘంగా ఏర్పడి పెట్టుకున్న నియమాలివి, తర్వాత అంటార్కిటికా ఒప్పందంలో ఉన్న దేశాలూ వీటిని తీసుకున్నాయి. వంతు రాగానే ఒక్కొక్కరూ గులాబీ రంగు క్రిమిసంహారక ద్రవం పోసిన తొట్టెలో బూట్లు ముంచి, రబ్బరు పడవలోకి దిగుతారు. ఆ పడవల్ని జోడియాక్‌లంటారు. ఎక్కించేవాడూ ఎక్కేవాళ్ళూ చేతులు కాదు, మణికట్లు పట్టుకోవాలి. అలా అయితే తడి చేతి తొడుగులున్నా జారదు.

మేం ఆ రోజు దిగింది కువర్‌విల్ దీవిలో. జెంటూల పెద్ద కాలనీ అది. పడవ నుంచి కాలు ముందు నీళ్ళలోకే పడుతుంది, తర్వాత గులకరాళ్ళ మీదికి. అక్కణ్ణించి వాసన మొదలవుతుంది. క్రిల్ అనే చిన్న రొయ్యల్లాంటి జీవుల్ని తిన్న పెంగ్విన్ల రెట్ట గులాబీ రంగులో నేలంతా పరుచుకుని ఉంటుంది. మనుషులు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం అది ఆ ఊరి ఆరోగ్యం. రెట్ట గులాబీ రంగులో ఉందంటే సముద్రంలో క్రిల్ దొరుకుతోందని, గూట్లో పిల్లల కడుపు నిండుతోందని అర్థం.

పెంగ్విన్లు గూటికీ సముద్రానికీ మధ్య తిరిగి తిరిగి మంచులో లోతైన దారులు వేస్తాయి. ఆ దారుల్లో మనిషి నడవకూడదు. దాటాల్సి వస్తే ఆగి, పెంగ్విన్ వెళ్ళాకే దాటాలి. దేనికైనా అయిదు మీటర్ల దూరం ఉంచాలి. ఇవన్నీ కళ్ళతో చూసి పాటించే నియమాలు. నా బరువుకి సంబంధించిన నియమం ఇంకొకటి ఉంది. మెత్తటి మంచులో అడుగు వేస్తే నేను దిగబడతాను. కాలు పైకి లాగితే నిటారు గోడల గొయ్యి మిగులుతుంది. చలికి ఆ గోడలు గట్టిపడతాయి. పొట్టి కాళ్ళ పెంగ్విన్ అందులో పడితే పైకెక్కలేదు. అందుకే దిగబడినవాళ్ళు ఆగి, వెనక్కి తిరిగి, ఆ గొయ్యిని పూడ్చి ముందుకెళ్ళాలి. ఆ పని చేయకుండా ఫోటో కోసం పరుగెత్తినవాళ్ళ కాలికి ఉన్నప్పుడు నేను పడే బాధ ఇంతా అంతా కాదు. వెనక నడిచే గైడు పార పట్టుకుని వస్తుంటే అప్పుడు ఊపిరి పీల్చుకుంటాను.

మాస్టారు అడుగడుగునా ఆగింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పి. ఆ బరువు కుడికాలి మీదికి ఎలా మారుతుందో నాకు తెలుస్తూనే ఉంది. రాయి మీద ఒక్క నిమిషం కూర్చుంటానంది. గైడు మర్యాదగా వద్దన్నాడు. ఇప్పుడు ఆ ఒడ్డున కూర్చోకూడదు, మోకాలు ఆనించకూడదు, సంచి కింద పెట్టకూడదు. నేలకి తగలాల్సింది మేం బూట్లం మాత్రమే. కారణం బర్డ్ ఫ్లూ. 2023 అక్టోబరులో ఆ వైరస్ దక్షిణ జార్జియా దీవి దగ్గర స్కువా పక్షుల్లో బయటపడింది. 2024 ఫిబ్రవరిలో అంటార్కిటికా ప్రధాన భూభాగంలోనే, అర్జెంటీనా వాళ్ళ ప్రిమావెరా కేంద్రం దగ్గర చనిపోయిన స్కువాల్లో దొరికింది. దక్షిణ అమెరికాలో సీ లయన్లని వేల సంఖ్యలో చంపిన జబ్బు అది. ఎగిరే పక్షులే దాన్ని తెచ్చాయి, నిజమే. కానీ ఒక కాలనీ నుంచి పక్క కాలనీకి నా గాళ్ళలో ఇరుక్కున్న రెట్ట చాలు. జబ్బు లక్షణాలు కనిపించిన చోట ఓడలు మనుషుల్ని దించకుండానే వెళ్ళిపోతాయి.

"నా భుజం పట్టుకోమ్మా" అంది కూతురు. ఆవిడ పట్టుకుని నిలబడింది. అప్పుడు ఒక పిల్ల పెంగ్విన్, ఒంటి నిండా బూడిద రంగు నూగుతో, మా వైపు నడిచొచ్చింది. మనం అయిదు మీటర్ల దూరం ఉండాలి గానీ, అదే దగ్గరికి వస్తే కదలకుండా ఉండటమే నియమం. అది నా ముందు ఆగి, తల ఒక పక్కకి వంచి, నా ముక్కు మీద ఒక్క పోటు పొడిచింది. మళ్ళీ పొడిచింది. నా లోపల ఆవిడ వేళ్ళు బిగుసుకున్నాయి. ఊపిరి బిగబట్టినట్టుంది. పిల్లకి తినేది ఏమీ దొరకలేదు, వెళ్ళిపోయింది. ఆ కాస్తలోనే నాకు గట్టిగా అనిపించింది: ఈ పిల్లకి నా మీద భయం లేదు. దీని జాతి నేల మీద వేటాడే జంతువుని ఎరగదు. ఈ నమ్మకానికి తగ్గట్టు శుభ్రంగా ఉండటం నా పని.

మర్నాడు డిసెప్షన్ దీవి. బద్దలైన అగ్నిపర్వతం నోట్లోకి ఓడ వెళ్తుంది. నల్ల ఇసుక కింద వేడి, తీరాన ఆవిరి. వేలర్స్ బేలో తిమింగలాల కొవ్వు కాచిన తుప్పు బాయిలర్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. 1912 నుంచి 1931 దాకా అక్కడ నార్వే వాళ్ళ కర్మాగారం నడిచింది. ఆ ఇసుక మీద నాకంటే ముందు నడిచిన బూట్లు నూనెలో తడిసినవి. ఇప్పుడు అంటార్కిటికా ద్వీపకల్పం తీరంలో హంప్‌బ్యాక్ తిమింగలాలు పడవ పక్కన ఊపిరి వదిలితే, ఆ శబ్దానికి పడవ అడుగు అదిరి నాదాకా వస్తుంది. చంపడం ఆపితే తిరిగొచ్చాయి. నేను మోసే ఆశ అంతా అక్కడిదే.

కొన్నింటిని ఆపడం ఎంత గట్టిగా జరిగిందో చెప్పాలి. 1991లో మాడ్రిడ్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం 1994కల్లా స్లెడ్జి కుక్కల్ని కూడా ఆ ఖండం నుంచి పంపేశారు. వాటి జబ్బులు సీళ్ళకి సోకుతాయేమోనని. దశాబ్దాల పాటు మనుషుల్ని లాగిన కుక్కల్నే వద్దన్న నేల అది. మరి మనుషుల సంఖ్య? 1966లో యాత్రలు నడిపే లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ యాత్రికుల్ని ఇక్కడికి తీసుకొచ్చాడు. చూసినవాళ్ళే దీన్ని కాపాడతారని ఆయన నమ్మాడు. ఇప్పుడు ఒక్క వేసవిలో వచ్చేవాళ్ళు లక్ష దాటుతున్నారు. 2024 మేలో కొచ్చిలో ఒప్పంద దేశాలు సమావేశమైనప్పుడు పర్యాటకానికి కొత్త చట్రం వేయాలనే చర్చ మొదలైంది. రావద్దని నేను అనను. మాస్టారు లాంటివాళ్ళు వచ్చి చూసి వెళ్ళి నలుగురికి చెప్పాలి. కానీ ఎంతమంది అన్న ప్రశ్నకి కంపెనీల సద్బుద్ధి సరిపోదు. దాటరాని సంఖ్య ఒకటి దేశాలే కూర్చుని రాసుకోవాలి. అది పెద్ద సంఖ్య కాకూడదు.

తిరుగు ప్రయాణంలో మాస్టారు నన్ను తానే కడిగింది. బ్రష్ పట్టి, గాళ్ళన్నీ తోమి, వేడి నీళ్ళు పోసి, మళ్ళీ వేలితో తడిమింది. మడమ దగ్గర ఆవిడ వేలు ఒక్క క్షణం ఆగింది. అప్పటికి అక్కడ గీత మాత్రమే ఉంది.

ఇప్పుడది పగులు. మామూలుగా చూస్తే కనిపించదు. నన్ను మడమ దగ్గర వెనక్కి వంచితేనే నోరు తెరుస్తుంది. అందులోకి బ్రష్ కుచ్చు వెళ్ళదు, క్రిమిసంహారకం సరిగా దిగదు. ఒక గడ్డి గింజ మాత్రం హాయిగా పడుతుంది. సీజన్ అయిపోయింది, ఓడ ఉషువాయా వైపు తిరిగింది. రేవులో ఆగాక బూట్లన్నిటినీ ఒక్కొక్కటిగా తనిఖీ చేస్తారు. నన్ను చేతిలోకి తీసుకున్నవాళ్ళు వెనక్కి వంచి చూడాలి. చూసి, జతతో సహా, పనికిరానివాటి కుప్పలో వేయాలి. నవంబరులో నా అరలో కొత్త జత ఉండాలి.