మూడు వందల గుర్రాలకు ఒకే ముక్కు

నేను కాగితాన్ని. రాసుకునే జాతి కాదు నాది. పీచును రెసిన్‌తో గట్టిపరిచి, మడత మీద మడత పెట్టి, చుట్టూ రబ్బరు అంచు పోస్తే నేనయ్యాను. మడతలన్నీ విప్పి పరిస్తే నా విస్తీర్ణం పైకి కనిపించే ముఖం కంటే ఎన్నో రెట్లు. స్కోడా ఆక్టేవియా వీఆర్‌ఎస్ కారు బానెట్ కింద, నల్ల ప్లాస్టిక్ పెట్టెలో నా కాపురం. లోకం నన్ను ఎయిర్ ఫిల్టర్ అంటుంది.

బండి మదనపల్లెలో ఒక టమాటా మండీ యజమాని కొడుకుది. పుంగనూరు దగ్గర వాళ్ళకు సేద్యముంది, కుప్పంలో అక్కను ఇచ్చారు. ఈ మూడు ఊళ్ళనూ 42వ నంబరు జాతీయ రహదారి కలుపుతుంది. అందుకని ఆ దారిలోని గాలంతా నాకు పరిచయమే.

ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు మా రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్ శక్తి 230 పీఎస్. బెంగళూరులో ఇంజిన్ కంప్యూటర్‌ను రీమ్యాప్ చేయించాక అది మూడు వందల దగ్గరకు చేరింది. అన్ని గుర్రాలు ఊపిరి పీల్చేది నా ఒక్కదాని గుండానే. లీటరు పెట్రోలు సరిగ్గా కాలాలంటే దాదాపు 11 కిలోల గాలి కావాలి. మదనపల్లె ఎత్తులో అది పది వేల లీటర్ల పైమాటే. కుర్రాడు యాక్సిలరేటర్ నేలకు తొక్కిపెట్టి అట్లాగే ఉంచితే, పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలోని గాలి రెండు నిమిషాల్లో నాలోంచి పోతుంది. రీమ్యాప్‌కు ముందు అంతే గాలికి రెండున్నర నిమిషాల పైనే పట్టేది. నా పని ఎంత పెరిగిందో దీన్నిబట్టి చూసుకోండి.

గాలి ఒకటే అయినా దుమ్ము మాత్రం ఊరికొక తీరు. టమాటా సీజన్‌లో మదనపల్లె మార్కెట్ యార్డు చుట్టూ క్రేట్ల లారీలు లేపేది ఎర్రమట్టి. రేణువు లావు, సులువుగా దొరుకుతుంది. పుంగనూరు వైపు చెనిక్కాయలు కొట్టే రోజుల్లో పొట్టూ నూగూ వచ్చి నా మడతల నోళ్ళు మూస్తాయి. పలమనేరు, వి.కోట దాటి కుప్పం సమీపించామంటే ఇక గ్రానైట్ రాజ్యం. కుప్పం గ్రీన్ పేరుతో విదేశాలకు పోయే రాయి తీసేది అక్కడే. క్వారీలు, క్రషర్లు, పట్టా కట్టని టిప్పర్లు. ఆ బూడిదరంగు పొడి కంటికి ఆనదు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. మోస్ కొలతలో దాని గట్టిదనం 7. నా వెనకాల నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి తిరిగే టర్బో చక్రం అల్యూమినియం, గట్టిదనం మూడు దగ్గర. ఎవరు ఎవర్ని అరగదీస్తారో చెప్పనక్కర్లేదు. చక్రాన్ని దాటిన రేణువు పిస్టన్ రింగుల దగ్గరి చమురు పొరలో దూరి సిలిండర్ గోడను గీకుతుంది. కొన్ని మైక్రాన్ల రేణువే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే ఆ పొర మందమూ అంతే.

నేను జల్లెడలా పని చేస్తాననుకుంటారు చాలామంది. నేను ఆపే రేణువుల్లో చాలా వాటికంటే నా రంధ్రాలే పెద్దవి. గాలి నా పీచుల మధ్య వంకరలు తిరిగిపోతుంది. బరువైన రేణువు ఆ వంపు తిరగలేక పీచుకు గుద్దుకుంటుంది. నడితరం రేణువు పక్కనుంచి పోతూ తగులుకుంటుంది. మరీ చిన్నది గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తూలి అతుక్కుపోతుంది. పట్టిన దుమ్మే పొరగా ఏర్పడి తర్వాత వచ్చే దుమ్మును పడుతుంది. కాబట్టి కొత్తగా తళతళలాడేటప్పటి కంటే కొంచెం మాసినప్పుడే నా వడపోత మెరుగు.

ఇవేవీ టీ అంగడి కాడి స్నేహితులకు అక్కర్లేదు. "ఆ పెట్టె పీకేసి ఓపెన్ కోన్ పెట్టించు మామా, సౌండు చూడు ఎట్లుంటాదో" అన్నాడొకడు. నూనె పూసిన కాటన్ ఫిల్టర్ వేయించు, కడుక్కుంటా ఉండొచ్చు, జన్మలో మార్చే పని లేదన్నాడు ఇంకొకడు. కోనే గెలిచింది. నన్ను ఊడదీసి షెడ్డులో అటక మీద పెట్టారు. కింద బండి వచ్చిపోయే ప్రతిసారీ టర్బో బుసకొట్టడం వినిపించేది. శబ్దం నిజంగా బాగుంది. ఇన్నాళ్ళూ దాన్ని నా పెట్టే అణిచిపెట్టింది మరి.

శబ్దం పెరిగిందంటే శక్తి పెరిగిందనుకోవడం మనిషికి సహజం. పెట్టె లేని కోన్ పీల్చేది బానెట్ కింద కాగిన గాలి. పది డిగ్రీల వేడికి గాలి చిక్కదనం నూటికి మూడు వంతులు తగ్గుతుంది. వెనక ఇంటర్‌కూలర్ ఉంది కదా అంటారు. ఉంది, కాకపోతే దాని పని మొదలవకముందే బరువు పెరిగింది. పుంగనూరు బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని కదిలిన బండికి ఆ తేడా తెలుస్తుంది.

కుప్పం తిరుగుళ్ళు కొన్ని అయ్యాక మెకానిక్ మేస్త్రీ టర్బో ముందరి పైపు ఊడదీశాడు. తెల్ల గుడ్డ వేలికి చుట్టి లోపల తుడిచాడు. గుడ్డ బూడిదరంగు తిరిగింది. ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"విను నాయనా, కరకరమంటా ఉండాది. ఇది రాయి."

"మంచి కంపెనీదే కదా మేస్త్రీ?"

"మంచిదేలే. లోపలనుంచి దూరిందో, క్లిప్ కాడ సందులోంచి దూరిందో ఎవురు జూసినారు? ఎట్ల దూరినా తినేది నీ టర్బోనే."

అంచు పట్టకపోతే ఎంత గొప్ప వడపోతైనా దండగే. నా పక్షాన నేను చెప్పుకోదగ్గ గొప్ప ఏదైనా ఉంటే అది నా రబ్బరు అంచు, దాన్ని అదిమి పట్టే పెట్టె.

ఆ తర్వాత కాటన్ ఫిల్టర్ మాట వచ్చింది. మేస్త్రీ దాన్ని కొట్టిపారేయలేదు. నూనె సమంగా పూస్తే అది పని చేస్తుంది, గాలినీ సులువుగా వదులుతుంది. తక్కువైతే దుమ్ము జారుతుంది. ఎక్కువైతే, గాలి కొలిచే సెన్సర్ ఉన్న బళ్ళలో దాని మీద పడి లెక్క తప్పిస్తుంది. కడిగి, ఆరబెట్టి, మళ్ళీ పూసే ఓపిక ఉన్నవాళ్ళకే అది. మా జాతికి పెట్టే పరీక్ష ఐఎస్ఓ 5011. అమెరికా ఎడారి మట్టితో తయారైన అరిజోనా దుమ్మును మా మీద చల్లి చూస్తారు. కొనేవాడు అడగాల్సింది మూడు సంగతులు: ఎంత పడుతుంది, ఎంత దుమ్ము మోస్తుంది, గాలిని ఎంత అడ్డుకుంటుంది. మూడోదొక్కటే చెప్పి అమ్మేవాళ్ళతో జాగ్రత్త. నూటికి 99.5 పట్టేదానికీ 98.5 పట్టేదానికీ తేడా ఒక్కటే అనిపిస్తుంది. లోపలికి పోయే దుమ్ము చూస్తే అర ఒకచోట, ఒకటిన్నర ఇంకోచోట. మూడింతలు.

"మరి పాతది పెడితే పికప్ పోతాది కదా?" అని కుర్రాడి దిగులు. మేస్త్రీ మేడ కట్టేవాళ్ళు లెవెల్ చూసే తెల్ల పైపు తెచ్చి, నీళ్ళు పోసి, ఒక కొస నా వెనక పైపుకు తగిలించాడు. నేను గాలిని ఎంత ఆపితే నీటి మట్టాల మధ్య అంత ఎడం వస్తుంది. పది సెంటీమీటర్ల ఎడమంటే సుమారు వాతావరణ పీడనంలో నూరో వంతు. ఇరవై వచ్చినా నష్టం రెండు శాతమే. అదే మదనపల్లె నుంచి ఏనుగు మల్లమ్మ కొండ, అంటే హార్స్‌లీ హిల్స్ ఎక్కితే ఆరు శాతం దాకా పీడనం పడిపోతుంది. సముద్రమట్టం దగ్గర నూరు పాళ్ళుంటే మదనపల్లెలో 92, కొండమీద 86. ఆ లోటును టర్బో ఇంకాస్త వేగంగా తిరిగి పూడుస్తుంది. ఆ పని దానికి పాతదే. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ విమానం ఇంజిన్‌కు టర్బో బిగించి, అమెరికాలో పద్నాలుగు వేల అడుగుల పైక్స్ పీక్ శిఖరం మీదికి తీసుకెళ్ళి పరీక్షించింది పలచటి గాలిలో దాని సత్తా చూపడానికే. కొండెక్కినప్పుడు లేని దిగులు నా మీద ఎందుకని మేస్త్రీ వాదన. అట్లాగని టర్బో ఓపికకూ హద్దుంది. నేను పూర్తిగా పూడుకుపోతే అది హద్దు మీరి తిరిగి వేడెక్కుతుంది. అందుకే పైపు ఎడం పెరుగుతుంటే నన్ను మార్చాలి.

నన్ను మళ్ళీ పెట్టెలోకి దించారు. పెట్టె అడుగున చేరిన ఎండుటాకులు తీసి, ముందు నుంచి చల్లగాలి తెచ్చే గొట్టం సరిచేశారు. పుస్తకంలో రాసిన గడువులో సగానికే నన్ను మార్చాలని మాట అనుకున్నారు. కంప్రెసర్ గాలి కొట్టి దులపొద్దని కుర్రాళ్ళకు మేస్త్రీ గట్టిగా చెప్పాడు. ఆ దెబ్బకు నా పీచు చిరిగితే కంటికి కనబడదు, దుమ్ముకు మాత్రం దారి దొరుకుతుంది.

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915లో అక్కడ క్షయ శానిటోరియం తెరిచారు. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ దాని తొలి వైద్యుల్లో పెద్ద. క్షయకు మందు లేని ఆ రోజుల్లో పొడి గాలి, విశ్రాంతి, తిండి ఇవే వైద్యం. ఊపిరి కోసం జనం వెతుక్కుంటూ వచ్చిన సీమ ఇది. అదే సీమలో కుప్పం దగ్గర క్రషర్ కింద పారపట్టే మనిషి ముఖానికి తువ్వాలు చుట్టుకుని నిలబడతాడు. బండి ఆ పక్కగా పోతుంటే మేమిద్దరం ఒకే గాలి పీలుస్తాం. సన్నటి రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్. ఆ పొడి పీల్చేవాళ్ళకు క్షయ ముప్పూ ఎక్కువే. సిలికోసిస్ కనిపిస్తే ప్రభుత్వానికి తెలపాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. నా చుట్టూ రబ్బరు అంచుంది, అదిమి పట్టే క్లిప్పులున్నాయి, ఐఎస్ఓ పరీక్షుంది. ఆ తువ్వాలుకు అంచే లేదు. మూడు వందల గుర్రాల ముక్కు గురించి ఇంత తర్కం జరిగిన షెడ్డులో అతని ముక్కు ప్రస్తావన ఒక్కసారీ రాలేదు. రాతిపొడికి సరిపడే మాస్కు ధర నా ధరను మించదు.

నా మడతలు నిండాయి. కొత్తది అట్టపెట్టెలో వచ్చి పక్కన కూర్చుంది, తెల్లగా, కొంచెం గర్వంగా. దానికి నేను చెప్పేది ఇంతే. మొదటి రోజుల్లో జాగ్రత్తగా ఉండు, నీ వడపోత ఇంకా కుదురుకోలేదు. మాసిపోయావని ఎవరైనా మొహం చిట్లిస్తే పట్టించుకోకు. అంచు వదలకు. పైపులో నీళ్ళ ఎడం పెరిగిందని మేస్త్రీ అన్నరోజు మారుమాట లేకుండా దిగిపో.