గాలికి పోయిన వాట్లు

మోటార్ సైకిలుకి అంత మేళతాళాలు ఎందుకండీ అని అడిగిన పాపానికి మా ఆయన నన్ను సంగీత ద్రోహిగా జమకట్టారు. ఇంట్లో న్యాయం జరిగే సూచనలు లేవు గనక పాఠక మహాజనులకు మొర పెట్టుకుంటున్నాను.

డాలస్‌లో తెలుగువాళ్లు ఉద్యోగాల్లో కాస్త నిలదొక్కుకున్నాక కొందరు గుడి కమిటీల్లో చేరతారు, కొందరు బాడ్మింటన్ ఆడి మోకాళ్లు అరగదీసుకుంటారు. మా ఆయన హార్లీ-డేవిడ్‌సన్ స్ట్రీట్ గ్లైడ్ కొన్నారు. హ్యాండిల్ ముందు గబ్బిలం రెక్కల్లా పరుచుకున్న ఫెయిరింగ్, అందులో 5.25 అంగుళాల స్పీకర్లు రెండు, ఒక్కోదానికి 25 వాట్లు. వాటికే లోటూ లేదు. ఇంటి ముందు నిలబెట్టి పాట పెడితే ఇళయరాజా గారి బేస్ గిటార్ ఒక్క మెట్టు కూడా పోకుండా వినపడేది. హైవే ఎక్కి వేగం 70 మైళ్లు దాటాక మాత్రం ముందు బేస్, తర్వాత తబలా, ఆ వెనక బాలు గారి గొంతు వరుసగా సెలవు పుచ్చుకునేవి. మిగిలేది గాలి హోరే.

గాలి మీద కేసు వేయలేం కదా, స్పీకర్ల మీద పడ్డారు. శనివారం పొద్దున్నే గరాజ్‌లో నా పోచంపల్లి దుప్పటి పరిచి, టోర్క్స్ స్క్రూలు ఊడదీసి, ఫెయిరింగ్‌ని దాని మీద బోర్లించారు. లోపల చూస్తే బండి పేగులన్నీ బయటపడ్డట్టు రంగురంగుల వైర్లు. చిన్న స్పీకర్ల చోట 6.5 అంగుళాలవి వచ్చాయి. వాటికి మేత పెట్టడానికి యాంప్లిఫయర్, దానికి బ్యాటరీ నుంచి వేలు లావు కేబులు, కేబులుకి ఫ్యూజు. ఇంత చేశాక తెలిసిందేమిటంటే, స్టీరియోలో ఉన్న ఈక్వలైజర్ పాత స్పీకర్ల లెక్కకే కట్టుబడి ఉంటుందట. డీలర్ దగ్గర సాఫ్ట్‌వేర్ మార్పిస్తే తప్ప కొత్తవి నోరు విప్పవట. దానికో బిల్లు.

అసలు అన్యాయం సాడిల్‌బ్యాగుల దగ్గర జరిగింది. టూరింగ్ బండంటే బట్టలూ తిండీ సర్దుకుని ఊళ్లు తిరిగే బండి. ఇప్పుడు ఎడమ బ్యాగులో యాంప్లిఫయర్ కాపురం పెట్టింది. రెండు బ్యాగుల మూతలకీ కన్నాలు పెట్టి 6x9 స్పీకర్లు బిగించారు. పైనుంచి చూస్తే అందంగానే ఉంటాయి, మూత వేస్తేనే వాటి అయస్కాంతం తిన్నగా వచ్చి నా పులిహోర డబ్బా నెత్తిన కూర్చుంటుంది. నా చీర, టవలు వీపుకి తగిలించుకున్న సంచిలోకి మారాయి. వెనక సీట్లో కూర్చునేది నేను గనక ఆ 6x9ల మోతలో సింహభాగం కూడా నాకే.

పోనీ, పాట వినపడుతోందా? మా అమ్మాయి ఇంజినీరింగ్ చదువుతోంది, అదే లెక్క చెప్పింది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్లు కావాలి. అంటే పాతిక వాట్లు రెండొందల యాభై అయితే గానీ పాట రెండింతలైనట్టు తోచదు. గదిలో అయితే గోడలు బేస్‌ని కాస్త పట్టి ఉంచుతాయి. టెక్సస్ హైవే మీద గోడలేవీ? ఇంకో సంగతి. 85 డెసిబెల్స్ మోత రోజుకి ఎనిమిది గంటలకి మించి వినకూడదనీ, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి తగ్గించాలనీ అమెరికాలో నియాష్ అనే ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ లెక్కన 100 దగ్గర పావుగంటే. హైవే వేగంలో హెల్మెట్ లోపల ఉత్త గాలి చప్పుడే ఆ చుట్టుపక్కల ఉంటుంది. పాట దాన్ని గెలవాలంటే ఇంకెంత అరవాలి?

"ఏమండీ, చెవుల్లో ఇయర్ ప్లగ్గులు పెట్టుకుని, హెల్మెట్‌లో చిన్న బ్లూటూత్ స్పీకర్లు పెట్టించుకుంటే గాలి గోల తగ్గుతుంది, పాటా వినపడుతుంది. ఖర్చూ తక్కువే కదా!" అన్నాను.

"హెల్మెట్‌లో పెడితే నా ఒక్కడికే కదే వినపడేది!" అన్నారు.

మహాజనులారా, ప్రతివాది స్వయంగా ఇచ్చిన వాంగ్మూలం ఇది. ఈ వాట్లన్నీ హైవే కోసం కాదు, ఎర్ర సిగ్నల్ కోసం. బండి ఆగితే గాలి ఆగుతుంది, బేస్ తిరిగొస్తుంది, పక్క ట్రక్కులో టోపీ ఆయన తల తిప్పి చూస్తాడు. ఆ అర నిమిషం మా ఆయన ముఖం చూడాలి! ఇదంతా వీధి మలుపులోనే మొదలవుతుంది గనక కాలనీ సంఘం వాళ్ల ఉత్తరం కూడా వచ్చింది. దాన్ని ఆయన మెచ్చుకోలు పత్రంలా ఫ్రిజ్ మీద అంటించారు.

వచ్చే నెల హిల్ కంట్రీలో ట్విస్టెడ్ సిస్టర్స్ రోడ్ల మీదికి ప్రయాణం. కొండ మలుపులు, ఎండ, గాలి. ఆయన బండి మీద యాంప్లిఫయర్‌తో వెళ్తారు. నేను పులిహోర, బట్టలు, మంచినీళ్లు వేసుకుని వెనక కారులో వస్తాను. కారులో ఉన్నవి కంపెనీ ఇచ్చిన స్పీకర్లే. అద్దాలెత్తి ఏసీ వేసుకుంటే ఏ వేగంలోనైనా తబలా కూడా వినపడుతుంది. దారి మధ్యలో ఆగినప్పుడు ఏం పాట విన్నారని ఆయన్ని అడుగుతాను. ఆయన చెప్పలేకపోతే నేను విన్నవన్నీ వరసగా అప్పజెబుతాను.