ఎనిమిదిలో మూడున్నర

మా ఇంట్లో కంప్యూటర్ స్విచ్ నొక్కడానికీ, కుక్కర్ పొయ్యి మీద పెట్టడానికీ మా ఆవిడ ఒకటే ముహూర్తం పెట్టింది. మూడు కూతలు వచ్చి అన్నం దిగేసరికి తెర మీద బొమ్మలు దిగుతాయి. ఎక్సెల్ తెరవాలంటే పప్పు కూడా ఉడకాలి.

2012లో షార్జా వచ్చిన కొత్తలో కొన్న డెస్క్‌టాప్ అది. రెండో తరం ఐ3, నాలుగు జీబీ ర్యామ్. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ నీళ్ళొదిలేసింది. 11 వేద్దామంటే మా ప్రాసెసర్‌ని అది గుమ్మంలోకే రానివ్వదు. "ఇంకోటి కొనెయ్యండి" అంది మా ఆవిడ. ఆవిడ కొనమన్నది వద్దనడం నాకు పద్దెనిమిదేళ్ళ అలవాటు. "ర్యామ్ పెంచితే గుర్రంలా పరిగెడుతుంది, నేనే చేస్తా" అనేశాను. ఉద్యోగరీత్యా నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ఇంజనీర్లు గీసిన డ్రాయింగులకు నంబర్లు వేస్తాను. ఇంట్లో మాత్రం ఇంజనీర్‌నే.

స్క్రూలు తిప్పి పక్క రేకు లాగితే లోపల నున్నటి ఇనప పలక తప్ప ఏమీ లేదు. ఎక్కడో మోసపోయాం అనుకుంటూ టార్చిలైటు వేసి వెతుకుతుంటే మా అమ్మాయి వచ్చి, "నాన్నా, అటుపక్క" అంది. అటుపక్క తెరిస్తే పద్నాలుగేళ్ళ షార్జా మొత్తం అక్కడే ఉంది. వచ్చిన ప్రతి ఇసుక గాలీ తన వంతు అందులో దాచుకుని పోయింది. మా ఆవిడ ఒక్క చూపు చూసి, మాట్లాడకుండా పాత టూత్‌బ్రష్ తెచ్చి ఇచ్చింది.

ర్యామ్ స్టిక్ ఒకటి ఊడదీశాను. జానెడు లేని పట్టీ, అడుగున 240 బంగారు పూత పళ్ళు. షాపులో చూపించాలి కదా! ఒంట్లో స్టాటిక్ కరెంటు తగిలితే చచ్చిపోతుందని ఎక్కడో చదివాను కనక, మెత్తటి పెట్టె కోసం బీరువా వెతికాను. ఎర్ర వెల్వెట్ పెట్టె దొరికింది. అందులో ఉన్నవాటిని ఒక భద్రమైన చోట సర్దేశాను. ఆ సంగతి తర్వాత.

బర్ దుబాయ్‌లో ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డుని జనం కంప్యూటర్ స్ట్రీట్ అంటారు. దానికి నాలుగడుగుల్లో మీనా బజార్. చీరలూ నగలూ అక్కడ. అందుకని శనివారం సాయంత్రం మా ఆవిడ కూడా బయల్దేరింది. ఆరు దిర్హాముల సాలిక్ టోల్ గేటు తప్పించాలని నేను చుట్టుదారి పట్టాను. గంటన్నర ట్రాఫిక్‌లో తగలబడిన పెట్రోలు లెక్క ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

కౌంటరు మీద ఎర్ర పెట్టె తెరవగానే షాపాయన, మలయాళీ, "నగల కొట్లు వెనక వీధిలో సార్" అన్నాడు. తర్వాత గాడి చూసి డీడీఆర్3 అని తేల్చాడు. డీడీఆర్4కి 288 పళ్ళు, గాడి కూడా వేరే చోట ఉంటుంది, మా దాంట్లో పట్టదు. వాడినవి, నాలుగు జీబీలవి రెండు తీశాడు. ధర వింటే కళ్ళు తిరిగాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ అంతా ఊడ్చుకుపోతున్నాయనీ, 2025 డిసెంబరులో మైక్రాన్ వాళ్ళు క్రూషియల్ బ్రాండు అమ్మకాలే ఆపేస్తున్నామని ప్రకటించారనీ చెప్పాడు. బీరకాయ బేరంలా ఓ పది దిర్హాములు తగ్గించాను. బిగించడానికి పాతిక అన్నాడు. నవ్వి వద్దన్నాను. "విండోస్ 64 బిట్టేనా సార్?" అని అడిగాడు. "అంతా ఫుల్లే" అన్నాను.

ఇంటికొచ్చి, పసిపిల్ల నుదుట బొట్టు పెట్టినంత సున్నితంగా రెండూ గాడిలో పెట్టి స్విచ్ నొక్కాను. తెర నల్లగా ఉంది. కీక్, కీక్, కీక్.

"మూడొచ్చాయి, ఆపెయ్యండి!" అని వంటింట్లోంచి మా ఆవిడ.

హైదరాబాద్‌లో ఉన్న బావమరిదికి బోటిమ్‌లో ఫోన్ చేశాను, ఇక్కడ వాట్సాప్ కాల్ మోగదు కదా. అక్కడ అర్ధరాత్రి. "బావా, రెండు చివర్ల చెవులూ టక్‌మన్నాయా?" అన్నాడు నిద్రలో. గట్టిగా నొక్కితే మదర్‌బోర్డు విరుగుతుందేమోనని నా భయం. మా ఆవిడ చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఆవకాయ జాడీ మూత బిగించినట్టు రెండు బొటనవేళ్ళతో అదిమింది. టక్. టక్. పోపు మాడుతోందని వెళ్ళిపోయింది.

తెర వెలిగింది. సిస్టమ్ పేజీ తెరిచి కుటుంబాన్ని పిలిచాను. ఇన్‌స్టాల్డ్ ర్యామ్ 8.00 జీబీ. పక్కన బ్రాకెట్లో: 3.41 జీబీ యూజబుల్.

ఈ దేశంలో మామూలు ఉత్తరం గుమ్మానికి రాదు, పి.ఓ. బాక్సుకి వస్తుంది. 32 బిట్ విండోస్ దగ్గర అలాంటి బాక్సులు 429 కోట్ల చిల్లర ఉంటాయి. బాక్సుకో బైటు, మొత్తం నాలుగు జీబీ. అందులో కొన్ని గ్రాఫిక్స్‌కీ మిగతా సరంజామాకీ రిజర్వు. ఆపైన ఎంత ర్యామ్ తెచ్చి పోసినా దానికి బాక్సు లేదు. ఆ 32 బిట్ విండోస్ 7 ఎక్కించింది ఎవరయ్యా అంటే నేనే, 2012లో రూమ్మేట్ దగ్గర ఊరికే వచ్చిన డిస్కుతో. 2016లో ఊరికే వస్తోందని 10కి మార్చిందీ నేనే. మారినా బిట్లు మాత్రం 32 దగ్గరే ఉండిపోయాయి. అంటే నాలుగు ఉన్నప్పుడూ మూడున్నరే, ఎనిమిది అయ్యాకా మూడున్నరే.

"ఎనిమిది కొంటే వాడుకునేది మూడున్నరా?" అంది మా ఆవిడ.

"జీతం లాంటిదే. ఇంటద్దె, స్కూలు ఫీజు, అమలాపురం పంపేది పోగా..." అన్నాను. ఆవిడ నవ్వలేదు.

64 బిట్ ఎక్కించాలంటే విండోస్ మొదటినుంచీ కొత్తగా వేసుకోవాలి. ముందు ఫోటోలు కాపీ చేయాలి. ఆ కాపీ ఇంకా నడుస్తూనే ఉంది.

ఉగాది రోజు పట్టుచీర కట్టుకుని మా ఆవిడ ఎర్ర పెట్టె తెరిచింది. లోపల పాత రెండు జీబీ స్టిక్కులు రెండూ పక్కపక్కన పడుకుని ఉన్నాయి. "నా జుంకాలేవి?" అంది, చాలా నెమ్మదిగా. కంప్యూటర్ టేబుల్ సొరుగులోంచి, ఎప్పటిదో హార్డ్‌డిస్క్ వచ్చిన బూడిదరంగు యాంటీ స్టాటిక్ కవరు తీసి ఇచ్చాను. ఆవిడ వాటిని అరచేతిలో పోసుకుని అటూ ఇటూ తిప్పింది.

"వీటిల్లో ఎంత యూజబులో ఓసారి చూసి చెప్పండి" అంది.